తమలపాకు తెగులు ఫైలు

నేను ఒక ఫైలును. గోధుమరంగు అట్ట, వెన్నుకు ఎర్ర గుడ్డ పట్టీ, లోపల కాగితాలు గుచ్చే తెల్ల ట్యాగు, పైన కట్టడానికి నాడా. నన్ను తయారుచేసింది ఒక బైండింగ్ షాపులో మైదా జిగురు పూసే ఇద్దరు ఆడవాళ్ళు. రోజుకు రెండు వందల ఫైళ్ళు అంటించేవాళ్ళు. వాటిలో ఎవరి తలరాత ఉండబోతుందో వాళ్ళకు తెలియదు. తెలుసుకునే తీరికా లేదు.

అక్కడినుంచి విశ్వవిద్యాలయానికి వచ్చి, పరిశోధన విభాగం బీరువాలో రెండేళ్ళు ఖాళీగా పడి ఉన్నాను. ఒక ఏప్రిల్ నెలలో సూపరింటెండెంటు జానీబాషా గారు నన్ను బయటికి తీసి దుమ్ము దులిపారు. ఢిల్లీలోని ఒక సంస్థ పంపిన ప్రకటన నాలోకి వచ్చిన మొదటి కాగితం. దేశంలోని విశ్వవిద్యాలయాల పరిశోధకులు పంట తెగుళ్ళ మీద ప్రాజెక్టులు పంపితే నిధులిస్తామని అందులో ఉంది. ఆఖరి తేదీ ఏప్రిల్ ముప్పై. ఆ ప్రకటన మా విభాగానికి వచ్చి అప్పటికే పదకొండు రోజులైంది. ఆ పదకొండు రోజులూ అది ఒక బల్ల మీద ఇంకో ఉత్తరం కింద పడుకుంది. మనుషులు పని ఆపడానికి పెద్దగా కష్టపడనక్కరలేదని నాకు మొదట అర్థమైంది అప్పుడే.

ప్రకటన చూసి పరిగెత్తుకొచ్చింది వృక్షశాస్త్ర విభాగంలో పనిచేసే డాక్టర్ ఎస్తేరు రాణి. నలభై ఏళ్ళుంటాయి. పదమూడేళ్ళుగా కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతోంది. ఏటా ఏప్రిల్ చివర ఆమె ఉద్యోగం అయిపోయేది, జూన్‌లో మళ్ళీ కాగితం చేతికిచ్చేవారు. వాళ్ళ నాన్న తమలపాకు తోటల్లో ఆకు కోసే కూలీ. వానలు గట్టిగా కురిస్తే తీగల మొదళ్ళు నల్లబడి తోటలు తోటలే ఎలా కుళ్ళిపోతాయో ఆమె చిన్నప్పుడే చూసింది. ఆ కుళ్ళును అడ్డుకునే ఒక మేలైన బూజును ఆ తోటల మట్టిలోనే పట్టుకుంది. దాన్ని పశువుల ఎరువులో కలిపి మొదళ్ళలో వేస్తే తీగ నిలబడుతోంది. సీసాల్లో నిలబడింది, కుండీల్లో నిలబడింది. ఇక తోటలో చూడాలి. దానికి గది కావాలి, పరికరాలు కావాలి, మూడు వానాకాలాలు కావాలి.

ఇరవై ఆరు పేజీల ప్రతిపాదన రాసి తెచ్చింది. జానీబాషా గారు కళ్ళజోడు సవరించుకుని మొదటి పేజీ దగ్గరే ఆగిపోయారు.

"మేడమ్, ప్రధాన పరిశోధకురాలని మీ పేరు పెట్టడానికి వీల్లేదండి. పర్మనెంటు ఉద్యోగి అయ్యుండాలి."

"పదమూడేళ్ళ నుంచి ఇక్కడే పనిచేస్తున్నాను గదండీ."

"పాఠాలకి ఉన్నారు మేడమ్. ప్రాజెక్టుకి లేరు." ఆ మాట అనేశాక ఆయనకే ఇబ్బందిగా అనిపించిందేమో, గొంతు తగ్గించారు. "కోదండపాణి సారుని అడగండి. ఆయనకింకా మూడేళ్ళ నాలుగు నెలల సర్వీసుంది. ప్రాజెక్టు మూడేళ్ళే గదా. సరిపోతుంది."

ప్రొఫెసర్ కోదండపాణి మంచివాడే. ఆయన చదువంతా చెరువుల్లో నాచు మీద. బూజుల సంగతి ఆయనకు తెలియదు, తెలుసని ఎప్పుడూ చెప్పలేదు కూడా. "నా పేరే గదమ్మా, పెట్టుకో. పని నీది," అన్నాడు. ఎస్తేరు మొదటి పేజీ తీసి చింపి, కొత్త పేజీ గుచ్చింది. అందులో ఆమె పేరు రెండో వరుసలోకి దిగింది. సహ పరిశోధకురాలు.

ఏప్రిల్ ముప్పైన నేను ఐదు గదులు తిరిగాను. చివరి గది బయట బెంచీ మీద ఎస్తేరు పొద్దున్నుంచి కూర్చుని ఉంది. సాయంత్రం నాలుగున్నరకు రిజిస్ట్రారు గారి సంతకం పడింది. నాలోని కాగితాల నకలు మెయిల్లో ఢిల్లీకి పోయిన ఆ రోజునే ఆమె ఆ ఏటి ఉద్యోగం కూడా అయిపోయింది.

తర్వాత ఢిల్లీ నుంచి పిలుపొచ్చింది. నిపుణుల సంఘం ముందు ప్రధాన పరిశోధకుడే మాట్లాడాలి. తొమ్మిది రోజులు ఎస్తేరు ఆయనకు పాఠం చెప్పింది. ఆయన నోట్సు రాసుకుని, పరీక్షకు పోయే విద్యార్థిలా రైలెక్కాడు. తిరిగొచ్చి మా విభాగంలోనే ఆమెకు ఎదురుపడ్డాడు.

"బాగానే అయిందమ్మా. నీళ్ళు నిలిచిన నేలలో నీ బూజు ఎన్నాళ్ళు బతుకుతుందని మాత్రం అడిగారు."

"ఏం చెప్పారు సార్?"

"అది మా సహ పరిశోధకురాలు చూసుకుంటుందని చెప్పాను. ఆవిడెందుకు రాలేదన్నారు."

"మీరేమన్నారు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వేరే పనుందన్నాను."

ఎస్తేరు తల ఊపింది. తుడిచిన అద్దాలనే ఆయన మళ్ళీ తుడిచాడు.

మంజూరు ఉత్తరం రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అందరూ అభినందనలు చెప్పారు. కోదండపాణి గారికి శాలువా కప్పారు. ఫొటోలో ఎస్తేరు చివర నిలబడింది. మంజూరైంది మూడేళ్ళకు. కోదండపాణి గారికి మిగిలింది రెండేళ్ళ రెండు నెలలు. ఆ తేడా నాలోని కాగితాల్లో స్పష్టంగానే ఉంది. జానీబాషా గారు కూడా పెన్సిలుతో ఒక చిన్న గీత గీసి చూపించారు. "అప్పటికి చూద్దాంలే," అన్నారు పై అధికారులు. మనుషులకు చాలా ఇష్టమైన మాట అది.

అయినా ఆ రెండేళ్ళు నా బతుకులో మంచి రోజులని ఒప్పుకోవాలి. నన్ను ప్రాజెక్టు గదిలో ఉంచారు. ఇంక్యుబేటరు సన్నగా మోగుతుండేది. సీసాల్లో పచ్చటి బూజు పెరిగేది. అంకమ్మ అనే కౌలురైతు తన అరెకరం తోటలో సగం సాళ్ళు ఎస్తేరుకు అప్పగించింది. మొదటి వానాకాలం పరికరాలు ఆలస్యంగా వచ్చి సగమే పని జరిగింది. రెండో వానాకాలం నిండుగా జరిగింది. పక్క తోటలు నల్లబడితే, ఎరువు వేసిన సాళ్ళలో తీగలు అవిశె చెట్లను పట్టుకుని పైకి పాకాయి.

ఆ ఏడే పని చూడటానికి ఢిల్లీ నుంచి ఒక అధికారి వచ్చాడు. కాగితాలు అడుగుతాడని ఎస్తేరు నన్ను ఒళ్ళో పెట్టుకుని బస్సులో తీసుకుపోయింది. ఆఫీసు దాటి నేను బయటికి పోవడం అదొక్కసారే. తోటలో పగలే చీకటిగా, చల్లగా ఉంది. తడిమట్టి వాసన నా అట్టలోకి దిగింది. అంకమ్మ ఒక ఆకు కోసి అధికారి చేతిలో పెట్టింది.

"నమలండయ్యా. కారం చూడండి. చచ్చే తీగైతే ఆకు చప్పబడుద్ది."

అధికారి నమిలాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వాడు. నాలో "పని సంతృప్తికరం" అని రాశాడు. పోతూ కోదండపాణి గారితో చేయి కలిపాడు. అంకమ్మ ఎస్తేరు చెయ్యి పట్టుకుంది.

"వచ్చే ఏడు అన్ని సాళ్ళకీ నీ ఎరువే ఎయ్యాలమ్మా. మాట తప్పబాకు."

"తప్పను అంకమ్మా," అంది ఎస్తేరు.

మూడో ఏడు ఆగస్టు చివర, వానలు జోరుగా పడుతుండగా, కోదండపాణి గారు రిటైరయ్యారు. ప్రాజెక్టు మరో పర్మనెంటు ఉద్యోగి పేరు మీదికి మార్చాలి, లేకపోతే మూసేయాలి అని ఢిల్లీ రాసింది. వృక్షశాస్త్ర విభాగంలో పర్మనెంటు ఉద్యోగాలు తొమ్మిది. ఏడు ఖాళీ. ఎనిమిదోది కోదండపాణి గారిది, అదీ ఖాళీ అయింది. మిగిలిన ఒక్కాయన డిప్యుటేషన్ మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. తనకు తెలియని పనికి సంతకం పెట్టనని ఆయన ఉత్తరం రాశాడు. నిజం చెప్పాలంటే, నాలో ఉన్న ఉత్తరాల్లో అబద్ధం లేనిది అదొక్కటే.

ఎస్తేరు తన పేరు మీదికి మార్చమని మూడు అర్జీలు పెట్టుకుంది. మూడింటి మీదా ఒకే వాక్యం రాసి తిప్పి పంపారు. నిబంధనలు అనుమతించవు.

ప్రాజెక్టు గదికి తాళం వేయడానికి జానీబాషా గారే వచ్చారు. తిరిగి తన విభాగానికి తీసుకుపోవడానికి నన్ను చంకలో పెట్టుకున్నారు.

"ఇంక్యుబేటర్లో సీసాలున్నాయండీ. బతికున్నవి," అంది ఎస్తేరు గుమ్మంలో నిలబడి.

"గదిలో సామానంతా యూనివర్సిటీ ఆస్తి మేడమ్. నేను చెయ్యి పెట్టలేను, మిమ్మల్ని పెట్టనివ్వలేను. రాసివ్వండి, ఈరోజే పైకి పంపుతాను."

ఆమె అక్కడే గోడకు కాగితం ఆనించి రాసింది. ఆయన అన్నట్టే ఆరోజే పంపారు. పంతొమ్మిది రోజుల తర్వాత ఆ కాగితం నా దగ్గరకు తిరిగొచ్చింది. మార్జిన్లో పచ్చసిరాతో "మాట్లాడండి" అని ఉంది. ఎవరు ఎవరితో మాట్లాడాలో రాయలేదు. ఈలోగా వాడకంలో లేని గదని కరెంటు తీసేశారు. తలుపు తెరిచేసరికి సీసాలన్నీ పుల్లటి కంపు కొట్టాయట.

ఎస్తేరు ఇంటి ఫ్రిజ్‌లో, ఇడ్లీ పిండి గిన్నె పక్కన, ఒక గాజు గొట్టంలో కొంచెం బూజు దాచుకుందట. జొన్నలు ప్రెషర్ కుక్కర్లో ఉడికించి, పాలిథిన్ సంచుల్లో నింపి, వంటింట్లోనే పెంచాలని చూసింది. పది సంచుల్లో మూడు పచ్చబడ్డాయి. ఏడింటికి నల్లబూజు పట్టింది. మూడు సంచులు నాలుగు సాళ్ళకు వచ్చాయి.

అక్టోబరులో అంకమ్మ మా విభాగానికే వచ్చింది. తడిగోనెలో చుట్టిన తీగలు తెచ్చి జానీబాషా గారి బల్ల పక్కన నేలమీద పెట్టింది. మొదళ్ళు నల్లగా, మెత్తగా ఉన్నాయి. పిలిపిస్తే ఎస్తేరు క్లాసు మధ్యలోంచి వచ్చింది.

"ఏందమ్మా ఇది? అన్ని సాళ్ళకీ ఏస్తానంటివి గదా. ముప్పై సాళ్ళు పోయినయి."

"గదికి తాళమేశారు అంకమ్మా. నా చేతుల్లో లేదు."

"తాళమెందుకేశారు? పని బాగుందని ఆ ఢిల్లీ అయ్య రాసిపోయె గదా?"

"సారు రిటైరయ్యారు."

"ఆయన పోతే పోయాడు. చేసేదానివి నువ్వు ఉన్నావు గదా!"

జానీబాషా గారు లేచి, కుర్చీ అంకమ్మ వైపు జరిపారు. ఆమె కూర్చోలేదు.

"నువ్వేసిన నాలుగు సాళ్ళు నిలబడ్డయమ్మా. అదే నాకు కడుపుమంట. మందు లేని రోగమైతే ఏడ్చి ఊరుకుందును."

నాలుగు సాళ్ళ కోసం తోటను కౌలుకు ఉంచుకోలేక అంకమ్మ వాటినీ పీకేసి, మిరపకోతలకు కూలికి పోయింది. ఆ సంగతి తర్వాత ఎస్తేరే జానీబాషా గారికి చెప్పింది. చెప్పేటప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆయన టీ తెప్పిస్తే తాగకుండానే వెళ్ళిపోయింది.

ముగింపు నివేదిక మీద సంతకానికి కోదండపాణి గారు వచ్చారు. నివేదిక ఎస్తేరు రాసిందే. సంతకానికి చోటు ఒక్కటే ఉంది. ఆయన పెన్ను మూత తీశాడు. "నీ పేరు పైన రాయనా అమ్మా?" అని అడిగాడు. "రాస్తే తిప్పి పంపుతారు సార్," అంది ఆమె. ఆయన సంతకం పెట్టి, ఆమె మొహం చూడకుండా మెట్లు దిగాడు. జానీబాషా గారు నా మీద "ముగిసినది" అని ముద్ర వేశారు.

రికార్డు గదిలో నాలుగేళ్ళు పడి ఉన్నాను. చెదలు వెనక అట్ట దాకా వచ్చి ఆగాయి. ఒకరోజు హడావిడిగా నన్ను బయటికి తీశారు. విశ్వవిద్యాలయం స్థాయిని నిర్ణయించే బృందం వస్తోందట. బయటి నిధులతో జరిగిన పరిశోధనల ఫైళ్ళన్నీ తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద వరుసగా పేర్చారు. వాటిని చూపించే పని ఎస్తేరుకు వేశారు. ఆమె జుట్టు ముందువైపు తెల్లబడింది. ఇప్పటికీ కాంట్రాక్టే.

బృందంలో ఒక పెద్దావిడ నన్ను తెరిచింది. అందరిలా చివరి పేజీ చూసి మూసేయలేదు. తోట ఫొటోల దగ్గర ఆగి, పట్టికలు వేలితో వెంబడిస్తూ చదివింది.

"చాలా మంచి పని. ఎందుకు ఆపేశారు? ఈ పని చేసినవాళ్ళతో ఒకసారి మాట్లాడొచ్చా?"

ఎస్తేరు ఒక అడుగు ముందుకేసింది. ఆమె నోరు తెరిచేలోపే పక్కనున్న అధికారి నవ్వుతూ బదులిచ్చాడు.

"ఆయన రిటైరయ్యారు మేడమ్."

పెద్దావిడ ఎస్తేరు వైపు తిరిగింది. "మరి మీరు?"

ఎస్తేరు ఆ అధికారి వైపు ఒకసారి చూసింది. ఏప్రిల్ నెలాఖరు ఎంతో దూరంలో లేదు. జూన్లో మళ్ళీ కాగితం ఇవ్వాల్సింది వాళ్ళే.

"ఫైళ్ళు చూపించడానికి వచ్చానండి," అంది.

ఆవిడ నన్ను బల్ల మీద పెట్టి పక్క ఫైలు అందుకుంది. ఎస్తేరు నన్ను చేతిలోకి తీసుకుని, చెదిరిన కాగితాల అంచులు సరిచేసి, నాడా కట్టింది. ముడి ఒకసారి జారిపోయింది. మళ్ళీ కట్టింది.