కనిపించని ఎత్తు

కానీ చదరంగం ఆడే యంత్రానికి చెమట పట్టదు కదా, అదీ నా బాధ, చెమట పట్టని దాని ముందు మా చెల్లెలు రోజుకు ఆరు గంటలు కూర్చుంటుంది, నా దగ్గర ఆరు నిమిషాలు కూర్చోదు, అనుకుంటూ మైకు సరిచేసుకున్నాను, పక్కాయన, పాతికేళ్లు పత్రికలో ఆటల పేజీ నడిపి ఇప్పుడు నాతో కలిసి వ్యాఖ్యానం చెప్పడానికి వచ్చిన మనిషి, మేడమ్ మొదలెడదామా అన్నాడు, ఎదురుగా మూడు వందల కుర్చీలూ నిండాయి, మా వెనక గోడంత తెర, తెర మీద చెల్లెలి ఆట, అసలు చెల్లెలు పై అంతస్తులో తలుపులు మూసిన గదిలో ఉంది, మా మాటలు దానికి వినపడవు, ఈ చివరి ఆట గెలిస్తే కప్పు దానిది, డ్రా అయితే అవతలావిడకే, పోయినేడు గెలిచినావిడకే మళ్లీ, తెర అంచున నిలువుగా ఒక పట్టీ, అందులో తెలుపు పెరిగితే చెల్లెలిది పైచేయి, నలుపు పెరిగితే ఆవిడది, ఆ పట్టీని నడిపేది యంత్రం, జనం బల్లకేసి చూడరు, పట్టీనే చూస్తారు, జ్వరపడ్డ మనిషిని వదిలేసి థర్మామీటర్ని పలకరించినట్టు.

ముందు వరసలో కళ్లజోడు పెద్దమనిషి చెయ్యెత్తి, అమ్మా, యంత్రం గొప్పదా గ్రాండ్‌మాస్టర్ గొప్పా అన్నాడు, ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, నాకు కంఠతా వచ్చిన జవాబే, అందరికంటే పైనున్న మనిషి రేటింగు రెండువేల ఎనిమిది వందల చిల్లర, మంచి ఇంజిన్‌ది, అంటే ఈ ఆటాడే యంత్రానిది, మూడువేల ఐదు వందలు దాటింది, రెండూ ఒకే తూకంరాళ్లతో తూచినవి కావు గానీ, వంద ఆటలు ఆడితే మనిషి ఒక్కటి గెలవడం కూడా కష్టం, నాలుగైదు డ్రా చేసుకుంటే అదే మహాభాగ్యం, మీ జేబులో ఫోను చాలండీ మమ్మల్ని ఓడించడానికి, అన్నాను, అందరూ నవ్వారు, చెప్పనిది ఏమిటంటే చెల్లెలిది రెండువేల ఐదు వందల ముప్ఫై, ఆడడం మానేసిన నాటికి నాది రెండువేల మూడు వందల తొంభై, మా ఇద్దరి మధ్యా నూట నలభై, ఆ నూట నలభై పదకొండేళ్లుగా నా గొంతులో ముల్లులా ఉంది, చెల్లెలికీ జేబులో ఫోనుకూ మధ్య ఉన్న వెయ్యి మాత్రం తల్చుకున్నప్పుడల్లా నాకు చల్లగా ఉంటుంది, ఎంత ఎగిరినా నువ్వూ ఓ ఫోను కిందే కదే బుడ్డీ, అని.

బుడ్డి అంటే ఇంట్లో పిలుపు, అప్పుడు దానికి ఆరేళ్లు, నాకు పద్నాలుగు, వంటింటి గచ్చు మీద బోర్లా పడుకోబెట్టి గుర్రం ఎలా దూకుతుందో నేర్పింది నేను, ఓడితే మంత్రిని నోట్లో పెట్టుకుని ఏడ్చేది, పెద్దయ్యాక ఏ ఊళ్లో ఆడినా ఆట అవ్వగానే ఫోను, అక్కా, ఆట ఎక్కడ పోయిందే, అని మొదటి మాట, నేను కళ్లు మూసుకుని ఎత్తులన్నీ వినేదాన్ని, పంతొమ్మిదో ఎత్తు దగ్గర బంటు తోసి ఉండాల్సిందే అనేదాన్ని, తర్వాత, పదకొండేళ్ల కిందట, ఒక ఫైనల్లో నా ఎదురుగానే కూర్చుంది, ముప్ఫై ఒక్క ఎత్తుల్లో అయిపోయింది, అమ్మేమో ఎవరు గెలిస్తే ఏంటే, కప్పు మనింటికే కదా వచ్చింది అంది, ఫోటోలో నేను నవ్వాను, ఆ నవ్వుకి దవడలు ఇప్పటికీ నొప్పి పుడతాయి, కళ్లు లాగుతున్నాయని చెప్పి ఆడడం మానేశాను, అయినా ఫోన్లు ఆగలేదు, నాకు మిగిలింది అదొక్కటే, ఎక్కడ పోయిందే అని అది అడగడం, నేను చెప్పడం, ఇంజిన్ కొనుక్కున్నాక అదీ పోయింది, పోయిన నెల వాళ్లింటికి వెళ్తే తెర ముందు కూర్చుని ఉంది, ఆ గుర్రం అక్కడెందుకే, వెనక్కి తెచ్చుకో అన్నాను, తలెత్తకుండానే, లేదక్కా ఇంజిన్ అక్కడే ఉంచమంటోంది అంది, అనడానికి దానికి నోరెక్కడిదే అన్నాను, నవ్వింది, నేను కాఫీ సగంలో వదిలేసి వచ్చేశాను.

మేడమ్ చూడండి చూడండి, అని పక్కాయన నా మోచెయ్యి తట్టాడు, పట్టీ ఒక్కసారిగా తెల్లబడిపోయింది, హాలంతా హోరెత్తింది, చెల్లెలి ఏనుగులు రెండూ అవతలి రాజు గుమ్మం దాకా వచ్చాయి గానీ ఎలా లోపలికి వెళ్లాలో నాకు అంతుపట్టలేదు, యంత్రం కింద ఒక్క ఎత్తు రాసింది, చెల్లెలు తన రాజుని మూలగడిలోకి జరపాలని, అంతే, ఇంత యుద్ధం జరుగుతుంటే రాజుని ఒక్క గడి పక్కకా, ఎవరికి తడుతుంది, అని నేను లోపల లెక్క వేసుకుంటూ పోతే, ఏడో ఎత్తు దగ్గరకి వచ్చాక గానీ అర్థం కాలేదు, అవతలివాళ్లకి ఇక చెక్ చెప్పే దారి ఉండదు, అందుకు, అబ్బ, ఎంత అందంగా ఉంది, చెల్లెలు తల రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది, పది నిమిషాలు, ఇరవై, కుర్చీల్లోంచి విసుగు మొదలైంది, అయ్యో కనపడట్లేదా, ఇంత చిన్న ఎత్తా, అని ఎవరో, పక్కాయన మైకులో, ఏమంటారు మేడమ్, గ్రాండ్‌మాస్టర్లు ఇది చూడగలరా అన్నాడు, చూడలేరండీ, మనిషన్న వాళ్లెవరూ చూడలేరు, అనాలి, అదే నిజం, నాలిక చివరి దాకా వచ్చింది కూడా, కానీ నా గొంతు ఎంతో నెమ్మదిగా, ఎంతో పెద్దరికంగా, ఈ స్థాయిలో ఆడేవాళ్లు చూడవలసిన ఎత్తేనండీ, అంది, మూడు వందల తలలు ఊగాయి, కడుపులో ఏదో వెచ్చగా దిగింది, పదకొండేళ్ల తర్వాత గెలిచినట్టు.

చెల్లెలు చెయ్యి చాపింది, రాజు జోలికి పోలేదు, గెలుపు దారి కనపడక ఓటమైనా తప్పించుకుందామనుకుందేమో, గుర్రాన్ని ఇచ్చేసి మంత్రితో అటొక చెక్, ఇటొక చెక్, మళ్లీ అటు, అవే ఎత్తులు మూడోసారి, పట్టీ సగానికి పడిపోయింది, డ్రా, కప్పు పోయింది, హాలు ఉస్సూరుమంది, వెచ్చగా దిగింది కాస్తా అంతలోనే చేదెక్కింది, మైకు తీసి బల్ల మీద పెట్టి లేచాను.

మెట్ల దగ్గర చెల్లెలు ఎదురైంది, ముఖం కడుక్కుని వచ్చినట్టుంది, చెంపల పక్క జుట్టు తడిసి ఉంది, నేను మైకులో అన్నమాట అప్పటికే ఎవరో మోసేశారు, నా ముఖంలోకి సూటిగా చూసి, రాజుని మూలకి జరిపితే గెలిచేదాన్నట కదా, చూడాల్సిన ఎత్తేనన్నావట, నిజంగా నీకు కనపడిందా అక్కా, అంది, పక్కనే పక్కాయన, ఇద్దరు ఫోటోలవాళ్లు, అవును అంటే సరిపోయేది, ఎవరూ నిరూపించలేరు, జన్మకి సరిపడా గెలుపు ఒక్క మాట దూరంలో ఉంది, దాని కింది పెదవి వణుకుతోంది, మంత్రిని నోట్లో పెట్టుకున్నప్పటి పెదవే, లేదే, నాకేం కనపడలేదు, యంత్రం రాసింది చూసి కూడా ఏడు ఎత్తుల దాకా అర్థం కాలేదు, ఊరికే అన్నాను, నీ మీద కుళ్లుతో అన్నాను, అన్నాను, పక్కాయన తల దించుకున్నాడు.

అది కోప్పడుతుందనుకున్నాను, ఉహూ, భుజాలు దిగాయి, గోడకి ఆనుకుంది, హమ్మయ్య అంది, నిజంగానే హమ్మయ్య అంది, ఇంజిన్‌కి కనపడితే కనపడనీ అక్కా, దానికి అన్నీ కనపడతాయి, నీకు కనపడి ఉంటే మాత్రం ఈ రాత్రి అన్నం సహించేది కాదు నాకు, ఫైనల్లో నిన్ను ఓడించింది కూడా నువ్వు నేర్పిన ఎత్తులతోనే అని ఎవరైనా అంటారేమోనని ఎన్నేళ్లు చచ్చానో నీకేం తెలుసు, అందుకే కదా ఇంజిన్ కొనుక్కుని నీకు ఫోన్లు మానేసింది, అంది, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది, నేను దాన్నే చూస్తూ నిలబడిపోయాను, వెయ్యి పాయింట్లు పైనున్న యంత్రం రోజూ దాన్ని ఓడిస్తుంటే చీమ కుట్టినట్టైనా లేదు దీనికి, ఆడడం మానేసిన నేను ఒక్క ఎత్తు ఎక్కువ చూస్తానేమోనని ఇన్నేళ్లూ బిక్కుబిక్కుమంటూ ఉంది, అంటే ఇదీ, నా బుడ్డి కూడా, ఇన్నేళ్లుగా నన్ను చూసి కుళ్లుకుంటూనే ఉందన్నమాట.