మసిగుడ్డ

పాలగిన్నె దించబోయి అత్తగారు వేళ్ళు కాల్చుకుంది.

"మసిగుడ్డ ఏదమ్మాయ్?"

"మేకుకే ఉండాలి అత్తయ్యా."

"మేకుంది. గుడ్డ లేదు. కాళ్ళొచ్చి నడిచిపోయిందా?"

"నేనైతే తినలేదు లెండి."

"తిన్నావని ఎవరన్నారు? ఈ ఇంట్లో పెట్టిన వస్తువు పెట్టిన చోట ఉండదంటున్నాను."

నీలం అంచు తువ్వాలు చిరిగితే నాలుగు మడతలు వేసి కోడలు తన చేత్తో కుట్టిన గుడ్డ అది. పొయ్యి కింద, డబ్బాల వెనక, మాసిన బట్టల బుట్టలో వెతికింది. ఎక్కడా లేదు.

"గుడ్డముక్కకి ఇంత రాద్ధాంతమా!" అని విసుక్కుని, ఆమె భర్త హెల్మెట్ చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. అత్తాకోడళ్ళ తగువంటే చెవి కోసుకునే మనిషి. ఇవాళ నవ్వనైనా నవ్వలేదు.

నవ్వే రోజులా ఇవి, అని సరిపెట్టుకుంది ఆమె. సిమెంటు ఫ్యాక్టరీ ఉంటుందో పోతుందో తెలియని రోజులు. బొగ్గు మాని ఇంకేది మండించినా, బట్టీలో సున్నపురాయి కాలేటప్పుడు ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ పుట్టుకొస్తుంది. దాన్ని ఆకాశంలోకి వదిలే ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. అందుకని ఆ గ్యాసును పొగగొట్టం దగ్గరే పట్టి, కంప్రెసర్‌తో అదిమి, భూమి లోతున రాతిపొరల్లోకి పంపే యంత్రాలు పెట్టారు. ఇప్పుడు పరీక్ష నడుస్తోంది. వారమంతా ఆగకుండా సాగితే బట్టీ నిలుస్తుంది. మధ్యలో ఆగిందా, ఆర్పేస్తారు. బట్టీకి షిఫ్టు ఇన్‌చార్జి ఆమె భర్త. కంప్రెసర్ గుంతలో ఫిట్టరు ఆమె మరిది. ఉంటున్న ఇల్లు ఫ్యాక్టరీది. బట్టీ ఆరితే వంటింట్లో పొయ్యి ఆరినట్టే.

మధ్యాహ్నం మరిది వేళ కాని వేళ వచ్చి గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు. ముఖమంతా చెమట. పరుగెత్తుకొచ్చినవాడిలా రొప్పుతున్నాడు.

"ఏమైంది చిన్నా?"

"తల పగిలిపోతోంది వదినా. గుంతలో బోల్టు బిగిస్తుంటే మోకాళ్ళు సడలిపోయాయి. నిచ్చెన పట్టుకుని పాకుతూ పైకొచ్చాను." మంచినీళ్ళు తాగి నవ్వబోయాడు. "ఒక మంచి కబురు. నీ మసిగుడ్డ దొరికింది."

"ఎక్కడ?"

"గ్యాస్ అలారం పెట్టె మూతికి. లోపల ప్లాస్టిక్ కవరు, దాని మీద గుడ్డ, పైన తీగ చుట్టి ఉంది. నీలం అంచు చూడగానే..." అంటూ మంచినీళ్ళ గ్లాసు మళ్ళీ ఎత్తాడు.

ఎవరు కట్టారో ఆమె అడగలేదు. బట్టీ దగ్గర దుమ్ముకి అలారాలు ఊరికే మోగుతుంటాయి. మోగినప్పుడల్లా గుడ్డ కట్టడం అక్కడివాళ్ళకి అలవాటు. "ఏడుపుగొట్టు పిల్లకి పాలపీక" అని భర్తే నవ్వుతూ చెప్పేవాడు. కానీ ఇది దుమ్ము కాదు, గుంతలోకి గ్యాసే కారుతోంది. కాలేజీలో గాజు జాడీలోకి ఈ గ్యాసునే వంచి, అడుగున వెలిగే కొవ్వొత్తిని ఆర్పింది ఆమె. దానికి రంగు లేదు, వాసన లేదు. నీళ్ళలాగే పల్లానికి దిగుతుంది. ఆ గుంతే జాడీ. కొవ్వొత్తి ఇదిగో, మెట్టు మీద కూర్చుని ఉంది.

"విప్పేశావా?"

"విప్పితే మోగుతుంది. మోగితే కంప్రెసర్ దానంతటదే ఆగిపోతుంది. అప్పుడందరం రోడ్డు మీదే. సాయంత్రం తిని మళ్ళీ దిగాలి. గబుక్కున దిగి గబుక్కున ఎక్కేస్తాలే. అన్నయ్యతో అనకు వదినా, నీకు పుణ్యముంటుంది."

చెబితే ఇల్లు పోతుంది. చెప్పకపోతే మనిషి పోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. గొయ్యిలోకి దిగేది మాత్రం వీడు. సాయంత్రం దాకా ఆమె చేతులు పని చేస్తూనే ఉన్నాయి. ఏం చేశాయో ఆమెకే తెలియదు.

అందరూ భోజనానికి కూర్చున్నారు. ఆమె అన్నం గిన్నెను కొంగుతో పట్టుకొచ్చి పెట్టింది.

"ఇంకా దొరకలేదా ఆ మసిగుడ్డ?" అంది అత్తగారు.

"దొరికింది అత్తయ్యా." మరిది కంచంలో అన్నం వడ్డించింది. "మన చిన్నా దిగే గుంతలో, గ్యాసొస్తే అరవాల్సిన పెట్టె నోటికి కట్టి ఉందట. మధ్యాహ్నం పాకుతూ పైకొచ్చాడు."

భర్త చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"దుమ్ముకి మోగుతోందనుకున్నాను."

"దుమ్మేనా?" అంది ఆమె.

అతను ముద్దను వేళ్ళతో నలిపాడు. "దుమ్మే అయితే బాగుండుననుకున్నాను."

"నాకేం కాలేదన్నయ్యా," అన్నాడు తమ్ముడు తొందరగా. "పరీక్ష మిగిలిన ఈ నాలుగు రోజులూ పళ్ళ బిగువున..."

"నోర్ముయ్యరా!" అంది తల్లి. కాలిన వేళ్ళు ఒళ్ళో దాచుకుంది. "వేళ్ళు చుర్రుమంటేనే పొద్దున్న ఇల్లు పీకి పందిరేశాను."

భర్త ముద్దను కంచంలో వదిలేశాడు. తమ్ముడి వైపు కాదు, తల్లి వైపు తిరిగి చెప్పాడు.

"వీడీ పూట దిగడమ్మా. నేనే వెళ్ళి కంప్రెసర్ ఆపేస్తాను. గుంతలో గ్యాసంతా తోడించాకే దిగి గుడ్డ విప్పుతాను. కట్టింది నేనేనని చెబుతాను. బట్టీ ఆర్పుతారు, ఆర్పనీ. మీరు సామాను సర్దడం మొదలుపెట్టండి."