నోటితో చెప్పాల్సిన పేరు

కోదాడ దగ్గరి నిజాం సరిహద్దు నాకాలో పెద్దులు జవాను. బెజవాడ వైపు నుంచి వచ్చే బండ్లను ఆపడం, మూటలు విప్పించడం, సుంకం కట్టించి వదలడం అతని కొలువు. ఎండైనా వానైనా నిలబడే పని. చివరి ఏళ్లలో తల తిరిగేది, కళ్లకు చీకట్లు కమ్మేవి. దవాఖానాలో చూపించుకుంటే కొన్నాళ్లు సెలవు పెట్టి పడుకోమన్నారు. సెలవు ఎక్కువైతే కొలువు దిగాక వచ్చే పింఛను, అదే వజీఫా, తగ్గుతుందని ఎవరో చెప్పారు. పెద్దులుకు ఆ భయమే పెద్దదైంది.

"నౌకరీ అయిపోయినంక వజీఫా తినుకుంట ఇంట్లనే పండుకుంట," అనేవాడు పెళ్లాం చంద్రమ్మతో. "గప్పుడు సూపిచ్చుకుందాం తీ."

వజీఫా వచ్చింది. ఏడాది తిరగకుండానే ఒక పొద్దున పళ్లు తోముకుంటూ పక్కకు ఒరిగాడు. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. పసర్లు పోశారు, తైలాలు రుద్దారు. కొన్నాళ్లకు కర్ర పట్టుకొని కాలు ఈడ్చుకుంటూ నడవగలిగాడు గానీ మాట రాలేదు. ఏది చెప్పబోయినా "ఆగు" అనే వచ్చేది. నీళ్లు కావాలన్నా ఆగు, అన్నం చాలన్నా ఆగు. తలలో మాటలన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. నోటి దాకా వచ్చేసరికి అదొక్కటే మిగిలేది.

ఇంతలో నిజాం రాజ్యం పోయింది. సూర్యాపేట కచేరీలో పాత మున్షీ స్థానంలో మద్రాసు వైపు నుంచి కొత్త గుమాస్తా వచ్చాడు. చచ్చినవాళ్ల పేరు మీద ఎవరెవరో వజీఫాలు ఎత్తుకుంటున్నారని తేలడంతో, వజీఫాదారులు స్వయంగా వచ్చి పేరు చెప్పుకోవాలని హుకుం పుట్టింది. చంద్రమ్మ కిరాయి బండిలో గడ్డి పరిచి మొగుణ్ణి తీసుకుపోయింది.

"పేరు చెప్పండి," అన్నాడు గుమాస్తా.

దారి పొడుగునా పెద్దులు మనసులో అదే అనుకుంటూ వచ్చాడు. మొదటి అక్షరం కోసం పెదవులు కూడా కలిపాడు.

"ఆగు," అన్నాడు.

గుమాస్తా ఆగాడు. "ఊఁ, చెప్పండి."

"ఆగు. ఆగు."

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. చంద్రమ్మ ముందుకు వచ్చింది. ఆమె ఏనాడూ మొగుడి పేరు పలికి ఎరుగదు. ఎవరడిగినా 'మా ఇంటాయన' అనేది. ఇప్పుడు నేల చూస్తూ, "పెద్దులు. మట్టయ్య కొడుకు," అంది.

ఆమె నోట తన పేరు వినడం పెద్దులుకు అదే మొదలు. ఇంతమంది ముందు ఆమెకు ఆ గతి పట్టించింది తనే కదా అనిపించింది.

"మీరు చెబితే చెల్లదమ్మా," అన్నాడు గుమాస్తా మెత్తగానే. "ఆయనైనా చెప్పాలి, ఆయనతో పనిచేసినవాళ్లైనా వచ్చి సాక్ష్యం ఇవ్వాలి."

నాకాలో తోడు జవాను హీరాలాల్ మిర్యాలగూడలో తమ్ముడి దుకాణంలో ఉంటున్నాడు. చంద్రమ్మ కబురు పంపింది. పాత సర్కారు నౌకర్లంటే జనం మండిపడుతున్న రోజులవి. "నేను నాకాల చేసిన్నని గీడ ఎవ్వరికీ తెల్వదు. నన్ను కచేరీకి గుంజకుండ్రి," అని హీరాలాల్ చెప్పి పంపాడు. పెద్దులుకు కోపం రాలేదు. తనైనా అంతే చేసేవాడేమో.

చివరికి గుమాస్తాయే ఒక దారి చెప్పాడు. మతి ఉన్నవాళ్లు నోటితోనే పేరు చెప్పాలి; మనిషికి మతి పోయిందని డాక్టరు చీటీ రాసిస్తే మాత్రం, వేలిముద్ర సరిచూసుకొని వజీఫా పెళ్లాం చేతికి ఇవ్వవచ్చు.

దవాఖానాలో డాక్టరు, "ఎడమ చెయ్యి ఎత్తు," అన్నాడు. పెద్దులు ఎత్తాడు. "కళ్లు మూసుకో." మూసుకున్నాడు.

"ఈయనకు తెలివి బాగానే ఉందమ్మా. మతి పోయిందని ఎట్ల రాసేది?"

"ఉన్నదయ్యా, నాకు తెల్వదా?" అంది చంద్రమ్మ. "తెలివి ఉన్నదని రాస్తే మాకు బువ్వ లేకుంట అయితది."

డాక్టరు పెద్దులు వైపు తిరిగి, "ఇంకొకసారి చూస్తా. చెయ్యి ఎత్తు," అన్నాడు.

పెద్దులు పెళ్లాం మొహం చూశాడు. ఎడమ చెయ్యి బాగానే ఉంది, ఎత్తితే లేస్తుంది. దాన్ని మోకాలి మీదే ఉంచి, వినపడనట్టు గోడ వైపు చూశాడు. డాక్టరు మళ్లీ అడగలేదు. కలం సిరాలో ముంచి రాయడం మొదలుపెట్టాడు.

వజీఫా మళ్లీ రాసాగింది. వేలిముద్ర ఇప్పుడు చంద్రమ్మ వేసేది. అయినా మనిషి బతికున్నాడని చూపించడానికి పెద్దులును కచేరీకి తీసుకురావాల్సిందే. గుమాస్తా మంచివాడే, ప్రతిసారీ ఆమెనే అడిగేవాడు: "ఎలా ఉన్నాడమ్మా? మనుషుల్ని గుర్తుపడుతున్నాడా?"

"లేదయ్యా," అనేది చంద్రమ్మ, మొగుడి వైపు చూడకుండా అతని భుజం మీది కండువా సర్దుతూ. పెద్దులు చూపు ఎక్కడా నిలపకుండా కూర్చునేవాడు.