మూడేళ్ళకి రాయండి

భువనేశ్వరి పాత లాప్‌టాప్ మార్చి నెలలో, సరిగ్గా త్రికోణమితి పాఠం మధ్యలో ఆగిపోయింది. అది కూతురు వాడి వదిలేసినది. అటువైపు బాపట్లలో పదో తరగతి పిల్లలు, మేడం కనపడటం లేదు, మేడం వినపడటం లేదు అని గ్రూపులో మెసేజీలు కుప్పలు పోశారు. వాళ్ళ పరీక్షలను ఎలాగో ఫోన్ మీదే గట్టెక్కించింది. జూన్‌లో కొత్త పిల్లలు చేరేలోగా మంచిది ఒకటి కొనాలని నిశ్చయించుకుంది.

ఆమె చాలా ఏళ్ళు బాపట్లలో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పింది. పొద్దున్నే రేపల్లెలో బస్సెక్కితే చీకటి పడ్డాక తిరిగి వచ్చేది. రెండేళ్ళ కిందట రొమ్ములో గడ్డ కనిపించింది. కాన్సర్ అన్నారు. గుంటూరులో ఆపరేషనూ, ఆ తర్వాత కీమో, రేడియేషనూ అయ్యాయి. ఉద్యోగం పోయింది. జుట్టు తిరిగి మొలిచాక, రేపల్లెలో ఇంటి ముందుగదిలో కూర్చుని ఆన్‌లైన్లో ట్యూషన్లు మొదలుపెట్టింది. పాత స్కూలు పిల్లల తల్లిదండ్రులు వెతుక్కుంటూ వచ్చి పిల్లల్ని చేర్పించారు.

డాక్టరు ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోమన్నాడు. చూపించుకున్న ప్రతిసారీ బాగానే ఉందన్నాడు. కానీ ఇంట్లో మాటతీరు మారిపోయింది. భర్త మధుసూదన్‌కు రేపల్లెలో ఎరువుల కొట్టుంది. అంతకుముందు రెండు పంటల తర్వాతి సంగతి కూడా ముందే మాట్లాడే మనిషి, ఇప్పుడు ఏదడిగినా "ముందు ఈ ఏడు గడవనీ" అనడం నేర్చుకున్నాడు. ఆమె గమనించింది. గమనించినట్టు చెప్పలేదు.

ఇద్దరూ రైల్లో తెనాలి వెళ్ళారు. కొట్లో ఫ్రాన్సిస్ అనే కుర్రాడు నాలుగైదు రకాలు తీసి చూపించాడు. భువనేశ్వరి కీబోర్డు మీద వేళ్ళు ఆడించి, కెమెరాలో తన ముఖం చూసుకుని, తెర మీద గ్రాఫు గీసి చూసి ఒకటి ఎంచుకుంది. అప్పుడు ఫ్రాన్సిస్ అసలు సంగతికి వచ్చాడు. కంపెనీ ఇచ్చే వారంటీ ఏడాదేననీ, పైన కొంత కడితే ఇంకో రెండేళ్ళు పొడిగిస్తారనీ చెప్పాడు.

ఆమె నోరు తెరిచేలోపే మధుసూదన్ అందుకున్నాడు.

"ఎందుకయ్యా, ఏడాది చాల్లే."

నిజానికి ఇంకెప్పుడైనా అయితే ఆ మాట ఆమే అనేది. ఫ్రిజ్ కొన్నప్పుడూ, వాషింగ్ మెషీన్ కొన్నప్పుడూ కొట్టువాళ్ళ ఎదుటే లెక్క వేసి చూపించింది. వస్తువు పాడయ్యే అవకాశమెంత, పాడైతే అయ్యే ఖర్చెంత, ఇప్పుడు వీళ్ళు అడుగుతున్నదెంత అని గుణించి, ఈ పొడిగింపులు శుద్ధ దండగని తేల్చేసేది. మధుసూదన్ పక్కన నిలబడి మురిసిపోయేవాడు.

కానీ ఈసారి అతను లెక్క వెయ్యలేదు. మాట చాలా తొందరగా వచ్చేసింది. అనేసిన తర్వాత ఆమె వైపు చూడలేదు. బల్ల మీదున్న మౌస్ తీసి, దాన్ని వెనక్కి తిప్పి, అక్కడేదో రాసి ఉన్నట్టు చూస్తూ నిలబడ్డాడు.

భువనేశ్వరికి ఒళ్ళు మండింది. కాసేపట్లో వస్తామని ఫ్రాన్సిస్‌తో చెప్పి బయటికి నడిచింది. పక్కనే ఉన్న టిఫిన్ హోటల్లో మూలబల్ల దగ్గర కూర్చుంది. వెనకే వచ్చిన మధుసూదన్ రెండు కాఫీలు చెప్పాడు.

"ఏడాది చాలని ఎందుకన్నారండీ?" అని అడిగింది.

"దండగని నువ్వే కదా ఎప్పుడూ అనేదానివి."

"నేను లెక్క వేసి అన్నాను. మీరు ఏం వేసి అన్నారు?"

కాఫీ చల్లారిపోయింది. చివరికి అతను తల వంచుకునే ఇంకో సంగతి బయటపెట్టాడు. కిందటి వారం ఆమె స్నానం చేస్తుండగా బాపట్ల నుంచి కనకమహాలక్ష్మి ఫోన్ చేసిందట. చీరాల వైపు నేతవాళ్ళ దగ్గర చీరలు కొని బాపట్లలో అమ్ముకునే మనిషి. తన కూతురు ఎనిమిదో తరగతికి వస్తోందనీ, పది అయ్యేదాకా ఈ మేడం దగ్గరే లెక్కలు చెప్పించాలని ఉందనీ అడిగిందట. మా ఆవిడ పదో తరగతికి మాత్రమే చెబుతుందని చెప్పి అతను ఫోన్ పెట్టేశాడు.

"మధ్యలో పిల్లలు ఇబ్బంది పడతారని," అన్నాడు.

"మధ్యలో అంటే?"

అతని కళ్ళు తడయ్యాయి. ఆసుపత్రిలో ఈ మనిషే తన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని నిద్రపోయాడు. ఏదీ ఇమడని రోజుల్లో చెంచాతో మజ్జిగ పట్టాడు. అదంతా ఆమె మరిచిపోలేదు. జాలేసింది. అయినా కోపం తగ్గలేదు.

"మీకు భయంగా ఉంటే భయంగా ఉందని చెప్పండి. ఇద్దరం కూర్చుని భయపడదాం. అంతేగానీ నా రోజులు మీరు కత్తిరించి పెట్టకండి," అంది.

లేచి కొట్లోకి వెళ్ళింది. ఫ్రాన్సిస్ అప్పటికే ఏడాదికే బిల్లు సిద్ధం చేస్తున్నాడు.

"మూడేళ్ళకి రాయండి."

ఫ్రాన్సిస్ సంబరపడి, మంచి నిర్ణయం మేడం అన్నాడు.

"మంచిదేం కాదు బాబూ. లెక్క ప్రకారం దండగే. అయినా రాయండి," అని ట్యూషన్ల సొమ్ము ఉన్న తన కార్డు తీసి ఇచ్చింది.

తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చున్నప్పుడు కనకమహాలక్ష్మికి ఫోన్ చేసింది. పలకరింపులయ్యాక అవతలి గొంతు కొంచెం తటపటాయించింది. మీ ఒంట్లో ఎలా ఉందండి అని అడిగింది. భువనేశ్వరి దాచలేదు.

"కాన్సర్ వచ్చిందమ్మా. వైద్యం అయింది. రేపేం జరుగుతుందో నాకు తెలీదు, మీ సంగతి మీకూ తెలీదు. మీ అమ్మాయికి ఎనిమిదిలో మొదటి పాఠం దగ్గర్నుంచి పదిలో ఆఖరి లెక్క దాకా నేనే చెబుతాను. ఇష్టమైతే చేర్చండి."

చేరుస్తానండి, మా వీధిలో ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు, వాళ్ళకీ చెబుతాను అంది కనకమహాలక్ష్మి.

మధుసూదన్ లాప్‌టాప్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నాడు. బండి వేమూరు దాటాక, "నాకు భయంగానే ఉంది భువనా," అన్నాడు.

"నాకూను," అంది ఆమె. కిటికీలోంచి ఎండ ఆమె మీద పడుతుంటే అతను లేచి అటువైపు కూర్చున్నాడు.

జూన్‌లో ఎనిమిదో తరగతి మొదలైంది. కనకమహాలక్ష్మి కూతురు నోరున్న పిల్ల. జవాబు వస్తే చాలు కదా, మెట్లన్నీ ఎందుకు రాయాలని రోజూ దెబ్బలాడేది. భువనేశ్వరి కూడా ఏమాత్రం తగ్గేది కాదు.

మరుసటి ఏడాది వానాకాలంలో లాప్‌టాప్ మీద టీ ఒలికింది. కంపెనీ మనిషి వచ్చి చూసి, తడిసి పాడైతే వారంటీ వర్తించదన్నాడు. ఆమె పై వాళ్ళకి ఫోన్లు చేసి పోట్లాడింది. వాళ్ళు ఒప్పుకోలేదు. మధుసూదన్ ఒక్క మాటా అనకుండా దాన్ని సంచిలో పెట్టుకుని తెనాలి వెళ్ళి బాగుచేయించుకొచ్చాడు.

ఆ చలికాలంలో స్కానింగులో ఒక మచ్చ కనిపించింది. ఇంకో పరీక్ష చేసి నాలుగు రోజుల్లో చెబుతామన్నారు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో ఇద్దరూ సరిగ్గా తినలేదు. క్లాసు మాత్రం ఒక్కటీ మానలేదు. నాలుగో రోజు సాయంత్రం, తొమ్మిదో తరగతి పిల్లలకు బహుపదులు చెబుతుండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ మధుసూదన్ ఎత్తమని సైగ చేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

"తర్వాతి మెట్టు ఎవరు చెబుతారు?" అని పిల్లల్ని అడిగింది. లెక్క పూర్తయి, అందరూ రాసుకున్నారని నిర్ధారించుకుని, లాప్‌టాప్ మూసి, అప్పుడు తనే ఆసుపత్రికి ఫోన్ చేసింది. పాత ఆపరేషన్ తాలూకు మచ్చేనట.

మధుసూదన్ అక్కడే గుమ్మం మీద కూలబడి ఏడ్చాడు. భువనేశ్వరి పక్కన కూర్చుని, అతని వీపు మీద చెయ్యి వేసి, రేపటి క్లాసుకు ఏ లెక్కలివ్వాలా అని ఆలోచించింది.