గ్లఫీరా రాసిన శుద్ధప్రతి

పోర్ఫిరీ ఇగ్నాత్యెవిచ్ రాత కోడి గెలికినట్టు ఉండేది. దాన్ని చదవగలిగింది ఇద్దరే: ఆయన భార్య గ్లఫీరా, పైనున్న దేవుడు. దేవుడికి తీరిక లేదు కనక నవలలన్నిటికీ శుద్ధప్రతి ఆవిడే రాసేది. చిత్తుకాగితాలు పొయ్యిలోకి పోయేవి. రాసింది ఆయన మళ్లీ ముట్టుకునేవాడు కాదు. పత్రికలో అచ్చయ్యాక మాత్రం వోల్గా ఒడ్డునున్న తమ ఇంటికి నలుగురినీ పిలిచి, టీ ఇప్పించి, తనే చదివి వినిపించేవాడు.

ఆ చలికాలం ఆయన రాసిన ప్రకరణంలో ఒక పిల్లవాడు జ్వరంతో పోతాడు. పోయేముందు తల్లితో, "అమ్మా, నదిలో మంచు కదిలితే నన్ను లేపు" అంటాడు. అక్కడ గ్లఫీరా కలం ఆగిపోయింది. అది పోయిన తమ కొడుకు సేవా నోటి మాట. గడ్డకట్టిన నదిలో మంచు పగలడం చూస్తానని కలవరించి కలవరించి, అది పగిలిందని ఊరంతా గట్టుకి పరుగెత్తిన రోజునే పోయాడు వాడు. ఆ మాట విన్నది ఆవిడొక్కతే. ఏడుస్తూ ఒక్కసారి మొగుడితో చెప్పుకుంది.

ఆవిడకి ఒళ్లు మండింది. తన బిడ్డ మాట ఊరివాళ్ల నోళ్లలో నానాలా? ఆ వాక్యం వదిలేసి కిందిది రాసింది.

పత్రిక వచ్చేదాకా గుండె గుప్పెట్లో పెట్టుకుని తిరిగింది. ఒక్క మాట మార్చాడని సంపాదకుడితో స్నేహమే తెంచుకున్న మనిషి ఆయన. ఇక భార్యని వదులుతాడా?

పత్రిక వచ్చింది. పోస్టుమాస్టరు దంపతులు వచ్చారు. ఆయన చదివాడు. పిల్లవాడు కళ్లు మూశాడు. ఆయన గొంతు ఎక్కడా తొట్రుపడలేదు. పేజీ తిప్పాడు.

తిడితే పడదామనుకున్న గ్లఫీరాకి ఇది మింగుడుపడలేదు. టీ కాగే సమోవారు పక్కనుంచి పైకే అనేసింది: "అమ్మా, నదిలో మంచు కదిలితే నన్ను లేపు."

"ఏమిటి గ్లాషా?" అన్నాడాయన, ముద్దుపేరుతో పిలిచి.

"పిల్లవాడు అలా అంటాడు. పోయేముందు."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "బాగుందే. నాకు తట్టనే లేదు సుమా."

"పూలతో పాటు నారకీ వాసన అబ్బుతుంది కదండీ," అన్నాడు పోస్టుమాస్టరు. అతని భార్య కళ్లొత్తుకుంటూనే నవ్వింది.

"పుస్తకంగా వేసేటప్పుడు ఇది పెడదాం. గుర్తుంచుకో, నేను మరిచిపోతాను," అన్నాడు పోర్ఫిరీ ఇగ్నాత్యెవిచ్, ఖాళీ గ్లాసు ముందుకి తోస్తూ.

"నాకు గుర్తుంటుంది లెండి," అని గ్లఫీరా టీ పోసింది.