ధారకు ఒక ‘ఏ’ ఎక్కువైంది

నేను ఒక స్టైల్‌షీట్‌ను. ఎవరూ చదవని ఫైలును. కంప్యూటర్‌లో మీరు తెరిచే సహాయం పేజీల్లో శీర్షిక పెద్దగా, అంకెలు వరుసగా, హెచ్చరిక ఎర్ర డబ్బాలో కనిపిస్తే అది నా చలవే. నేను రాకపోయినా మాటలు ఉంటాయి. కానీ అన్నీ ఒకే నలుపులో, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. అప్పుడైనా మనుషులు నన్ను తలుచుకోరు. ‘పేజీ పాడైంది’ అంటారు, అంతే.

పుట్టింది హైదరాబాదులో, ఒక కుట్టుమిషన్ల కంపెనీ కోసం. నన్ను రాసినాయన ఉద్యోగం మారినప్పుడు నన్నూ నకలు చేసి పట్టుకుపోయాడు. ఆ తర్వాత గ్రైండర్ల కంపెనీలో కొన్నాళ్లు, లిఫ్టుల కంపెనీలో కొన్నాళ్లు. వచ్చిన ప్రతి యజమానీ ముందు నా నీలం రంగు మార్చేవాడు. అదేం సరదానో! ఎక్కడా కుదురుగా ఉండనివ్వలేదు. చివరికి విశాఖపట్నంలో శేషుకుమారి చేతిలో పడ్డాను.

ఆవిడ ఆసుపత్రి యంత్రాలు తయారుచేసే చిన్న కంపెనీలో వాటిని ఎలా వాడాలో రాసే మనిషి. అక్కడి కొత్త యంత్రం పేరు ధార. పసిపిల్లలకు మందును సన్నగా, ఆగకుండా ఎక్కించే పంపు. ‘గొట్టంలో గాలి బుడగ కనిపిస్తే వెంటనే పంపు ఆపండి’ అన్న వాక్యం కోసం శేషుకుమారి నాలో ఒక ఎరుపు కలిపింది. కంపెనీ రంగు నీలం కదా అని యజమాని కామేశం గారు గొణిగారు. “మిగతాదంతా మీ ఇష్టం సార్. ఇది మాత్రం ఎర్రగానే ఉండాల,” అంది. ఆ రోజు నుంచి నాకు కాస్త పొగరు వచ్చిన మాట నిజం.

ఆవిడ ఒక మీట నొక్కితే సాఫ్ట్‌వేర్ పాత పేజీలన్నిటినీ ఊడ్చేసి కొత్తవి తయారుచేస్తుంది. ప్రతి పేజీ నెత్తిన నా చిరునామా ఉంటుంది: ధార ఫోల్డర్‌లోని స్టైల్‌షీట్‌ను తెచ్చుకో అని. పేజీ పిలుస్తుంది, నేను పరుగెడతాను. నా బతుకంతా ఆ పిలుపు కోసం చెవులు రిక్కించుకుని ఉండటమే.

ఒక సోమవారం పిలుపు రాలేదు. ఆసుపత్రిలో పిల్లల వార్డు హెడ్ నర్సు గ్రేస్‌మణి ఫోన్ చేసింది. “ఏటమ్మా శేషూ, మీ కొత్త లింకులో అంతా నలుపే ఉంది. ఎర్ర డబ్బా ఏదీ? మద్దేనం నుంచి ఓ పాపకి మీ పంపు పెడతన్నాం. కొత్త నర్సు పిల్లలకి ఏటి చూపించమంటావు?”

శేషుకుమారి ఫోన్ పెట్టకుండానే కుర్చీ ముందుకు లాక్కుంది. తన కంప్యూటర్‌లో తెరిచి చూసింది. అక్కడ నేను భేషుగ్గా ఉన్నాను. స్టైల్‌షీట్ పెట్టమన్న సెట్టింగు చూసింది, ఉంది. మళ్లీ మీట నొక్కింది. బ్రౌజరు దాచుకున్న పాత పేజీలను తుడిచేసింది. అవతల ఆసుపత్రిలో మాత్రం అదే నలుపు. ఆసుపత్రికి పేజీలు అందించే సర్వర్‌లోనే నేను ఉన్నాను. పేజీలూ నా పక్కనే ఉన్నాయి. అవి మాత్రం ఎటో చూస్తూ, ఎవరినో పిలుస్తున్నాయి. నాకు నోరుంటే ఆ రోజు ఆఫీసు కప్పు లేచిపోయేది.

సర్వర్ చూసే జోగినాయుడికి ఫోన్ చేసింది.

“స్టైల్‌షీట్ ధారలో ఉందాండీ?”

“ధారలోనే ఉందండీ, నా కళ్లెదురుగా ఉంది.”

“మరి పేజీలు కూడా ధారలోనే వెతుకుతున్నాయి కదండీ!”

“అయితే దొరకాల కదండీ!”

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. గోడ గడియారం చూస్తే ఆవిడ కాలు నిలవడం లేదు. పాప ఎవరో కూడా తెలియదు. అయినా నిమిషాలు లెక్కపెడుతోంది. విసుగొచ్చి, “ఆ ఫోల్డర్ పేరు అక్షరం అక్షరం చదవండి బాబూ,” అంది.

“డి, హెచ్, ఏ, ఏ...”

“ఆగండాగండి. రెండు ఏలా?”

“మొన్న శుక్రవారం కామేశం గారే మార్పించారండీ. న్యూమరాలజీ ఆయన ఒక ఏ కలిపితే కలిసొస్తాదన్నాడంట. పలికితే ధారే కదా, మీకు సెప్పక్కర్లేదనుకున్నాం.”

అదీ సంగతి. తెలుగు నోటికి ఒక ఏ అయినా రెండు ఏలైనా ధారే. పేజీకి చెవి లేదు, కళ్లే ఉన్నాయి. అది ఒక్క ఏ ఉన్న ఇంటి ముందు నిలబడి పిలుస్తోంది. సర్వర్‌లో ఆ ఇల్లు శుక్రవారమే లేకుండా పోయింది, శేషుకుమారి కంప్యూటర్‌లో మాత్రం ఇంకా ఉంది.

కొత్త పేరు తీసేయమంటే కామేశం గారు ఒప్పుకోరు. శేషుకుమారి అడగనూ లేదు. పేజీల నెత్తిన ఉన్న చిరునామాలోంచి ధార మాటే కొట్టేసింది. ‘నీ పక్కనున్న స్టైల్‌షీట్‌ను తెచ్చుకో’ అని మాత్రం ఉంచి మీట నొక్కింది. పిలుపు వినపడింది. నేను ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. ఆసుపత్రి తెర మీద ఎరుపు విచ్చుకుంది.

“వచ్చిందమ్మా!” అంది గ్రేస్‌మణి. “పాపకి ఇప్పుడే పెట్టాం. నువ్వు కంగారు పడతావని సెప్పలేదు గానీ, ఎందుకైనా మంచిదని ఆ గాలి బుడగ మాట కాగితం మీద రాసి, సుట్టూ ఎర్ర పెన్నుతో డబ్బా గీసి, పంపుకి అతికించేసినాను.”

శేషుకుమారి తెర మీది పేజీ మూసేసింది. “ఇంక ఆ కాగితం తీసేయండి అక్కా, ఇప్పుడు ఇది ఉంది కదా,” అంది.

ఆ మాట కోసమే నేను కాచుకున్నాను. నాకు పోటీగా ఒక చిత్తుకాగితమా!

“ఉండనీ అమ్మా,” అంది గ్రేస్‌మణి. “మీవోళ్లు మళ్లీ పేరు మార్సరని నమ్మకమేటి?”

అప్పుడే కామేశం గారు లోపలికొచ్చారు. అంతా సర్దుకుందని విని ముఖం వెలిగిపోయింది. “చూశావా, ఏ కలిపిన మహిమ! హెచ్ కూడా ఒకటి కలపమంటున్నాడాయన,” అన్నారు.

ఆ కాగితం ఇంకా ఆ పంపు మీదే ఉందట. ఉండనీ.