మంచం కాళ్ళవైపు ముడి

పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు పిల్లని చూడాలి, పెట్టింది తినాలి, నాలుగు మంచి మాటలు చెప్పి లేవాలి. ఇంటి గోడలు చూడకూడదు. తిరుమలరావు గోడలు చూశాడు. చిక్కంతా అక్కడే వచ్చిపడింది.

అసిరమ్మ ఆ రోజు కోసం ఎంత ఎదురుచూసిందో చెప్పలేం. మనవరాలు యమున విజయనగరంలో ఆసుపత్రి నర్సు. పెళ్ళికొడుకు దేవేంద్రకి కొత్తవలసలో రైల్వే సిగ్నళ్ళ పని. ఉద్యోగాలకని ఒకే ఊళ్ళో వేర్వేరు ఇళ్ళలో అద్దెకుండి, ఇద్దరూ రోజూ ఒకే రైలెక్కేవాళ్ళు. మొదటి ఏడాదంతా ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడంతోనే సరిపోయింది, రెండో ఏడు నోళ్ళు తెరుచుకున్నాయి, మూడో ఏడు యమున వచ్చి నానమ్మ ఒళ్ళో తలపెట్టింది.

"ఆ అబ్బాయే కావాలి నానమ్మా."

"ఓలమ్మ, దానికి ఏడుపెందుకే? నానున్నాను కదా. నీ పెళ్ళి నాను సేయించకపోతే నన్నడుగు," అని మాటిచ్చేసింది అసిరమ్మ. డెబ్బయ్యారేళ్ళ మనిషి. ఇచ్చిన మాట పోతే మళ్ళీ సంపాదించుకునే వయసు కాదు.

టెక్కలి దాటి ఆ ఊళ్ళోకి కారు వచ్చింది. బొబ్బిలి దగ్గర పల్లెనుంచి పెళ్ళికొడుకూ, వాళ్ళ పెదనాన్న తిరుమలరావూ దిగారు. తల్లీతండ్రీ లేని దేవేంద్రని పెంచిందంతా ఆ పెదనాన్నే. ఇంకా దేవేంద్ర చెల్లెలు రేఖ రావలసింది, ఆవు ఈనేలా ఉందని ఇంటి దగ్గర ఆగిపోయింది.

అసిరమ్మ ఇంటికి వీధివైపు రెండు గుమ్మాలు, పక్కపక్కనే. కొత్తవాళ్ళెవరొచ్చినా ఆ రెంటినీ చూసి తికమకపడి నిలబడిపోతారు. తిరుమలరావు నిలబడలేదు. కుడి గుమ్మంలోంచి తిన్నగా లోపలికి నడిచాడు. అది మగవాళ్ళ గుమ్మం. ఆయనకెవరూ చెప్పలేదు.

లోపల గోడలకి చుట్టూ కర్ర మేకులు. ఆ మేకులకి మంచాలన్నీ తలకిందులుగా తగిలించి ఉన్నాయి, కాళ్ళు బయటికి పెట్టుకుని. పొద్దున్నే లేవగానే మంచాలు గోడకెక్కించి నేలంతా తుడవడం ఆ ఇంటి అలవాటు.

"ఇదేటి బావగారూ!" అని తిరుమలరావు మొహం వెలిగిపోయింది. "మా ఇంటికి మేమే ఒచ్చినట్టున్నాది!"

యమున తండ్రి నరసింగరావు పొంగిపోయి పళ్ళేల్లో అరిసెలు పెట్టించాడు. తినేముందు ఆ ఇంట్లో అందరూ ఒక్కసారి చప్పట్లు కొడతారు, ఒక్కటే చప్పట. కొట్టారు. అదే క్షణాన తిరుమలరావూ కొట్టాడు, దేవేంద్రా కొట్టాడు. అందరూ పకపకా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే తిరుమలరావు ఆగిపోయాడు. చేతిలో అరిసె పళ్ళెంలో పెట్టేశాడు. ఊళ్ళో ఎవరు ఎవరికి ఏమవుతారో వరసలు కట్టి చెప్పే పెద్దమనిషాయన, బుర్ర ఊరుకోదు కదా.

"బావగారని పిలిసేను, తప్పయిపోనాది," అన్నాడు నరసింగరావుతో. "తమ్ముడూ అనాల. రెండు గుమ్మాలు, గోడకి మంచాలు, తిండి ముందర సప్పట. ఈ పద్ధతులు మా ఇంట్లో తప్ప నానెక్కడా సూడనేదు. మనం ఒక్కింటోళ్ళం. మీకూ మాకూ మూలపురుషుడు ఒక్కడే. గుంటడూ గుంటా అన్నాసెల్లెళ్ళు అవుతారు. అపచారం!"

యమున మంచినీళ్ళ చెంబు కింద పెట్టేసింది.

"ఇంటిపేర్లు వేరు కదా పెదనాన్నా," అన్నాడు దేవేంద్ర.

"నోర్ముయ్యిరా. మా తాత ఎక్కణ్ణుంచో నడిసొచ్చినాడు. ఏ ఊరని అడిగితే 'నడిసొచ్చినాను' అనీవోడే తప్ప చచ్చేదాకా సెప్పనేదు. ఇంటిపేరు కరణం రాసిందే." లేచి నిలబడి అసిరమ్మకి దణ్ణం పెట్టాడు. "ఎల్లొస్తాం పిన్నీ."

అత్తా అని పిలవాల్సినవాడు పిన్నీ అన్నాడంటే పెళ్ళి మాట చెరిగిపోయినట్టే. యమున అసిరమ్మ వంక చూసింది. మాటిచ్చావు కదా అన్నట్టు.

అసిరమ్మ నవ్వింది. పళ్ళు నాలుగే ఉన్నా, నవ్వితే ఇల్లంతా వినిపిస్తుంది.

"కూకో బావూ, కూకో. మీ తాత సెప్పనిది మా అత్త సెప్పింది. పదిహేనేళ్ళకి నాను ఈ ఇంటికి కోడలుగా ఒచ్చినప్పుడు ఈ రెండు గుమ్మాలు సూసి, ఇదేటి ఇల్లా గొడ్లసావిడా అని ఏడిసినాను. అప్పుడు మా అత్త పైడమ్మ కూకోబెట్టి సెప్పింది. నలభై ఏళ్ళు సెప్పింది. వడ్లు ఉడకబెడతా సెప్పింది, గోగునార ఏరతా సెప్పింది. విను."

కొండ కింద పూర్వం ఒక మఠం ఉండేది. ఊగుడు మఠం అనేవారు. భజనలో కూర్చునేవాళ్ళు కాదు, నిలబడి ఊగేవాళ్ళు. ఊగి ఊగి, వణికి, గెంతి, చెమటలు కక్కేవాళ్ళు. దాన్ని పెట్టింది ఒక అమ్మ. అందులో నీది నాది లేదు. పెళ్ళిళ్ళు లేవు. మగాళ్ళందరూ అన్నలు, ఆడాళ్ళందరూ అప్పలు, అంటే అక్కలు. మగవాళ్ళకో గుమ్మం, ఆడవాళ్ళకో గుమ్మం. పొద్దున్నే మంచాలు గోడకెక్కాలి, తినేముందు అందరూ ఒక్క చప్పట కొట్టాలి. కరువు రోజుల్లో దిక్కులేని పిల్లల్ని తెచ్చి అక్కడ వదిలేవారు. కడుపునిండా గంజి దొరికేది. ఇంటిపేరు మాత్రం గేటు బయట వదిలేయాలి, మళ్ళీ పలకకూడదు.

"మరి ఒకరి పేర్లు ఒకరికి?" అనడిగాడు దేవేంద్ర.

"ఆడోళ్ళకి మగోళ్ళ పేర్లు తెలీకూడదురా బావూ. అందరూ అన్నలే కదా! మరి వాళ్ళ పనేటంటే నులక మంచాలు అల్లడం. నులక పేనాలంటే ఇద్దరుండాల. ఒకరు ఈ కొసన మెలేస్తే, ఇంకొకరు ఆ కొసన పట్టుకోవాల. వరండా ముప్ఫై బారలు. ఈ కొసన మా అత్త, ఆ కొసన మా మావ. మాటాడుకుంటే తప్పు. తాడు లాగితే తప్పా? ఈయన ఒకసారి లాగితే ఆవిడ రెండుసార్లు లాగేది. అలాగ నాలుగేళ్ళు లాక్కున్నారు."

యమున కిసుక్కున నవ్వింది. నరసింగరావు తలొంచుకున్నాడు, నానమ్మా తాతల సంగతి ఎన్నిసార్లు విన్నా సిగ్గే మరి.

"ఒకనాడు ఇద్దరూ ఎల్లి అమ్మ ముందర నిలబడ్డారు. పోతాం అన్నారు. అమ్మ తిట్టనేదు, శపించనేదు. పోయేవోళ్ళకి ఆ మఠంలో ఒక మర్యాదున్నాది. సొంత సేత్తో అల్లిన మంచం ఒకటి ఇచ్చి పంపుతారు. మంచం నెత్తినెట్టుకుని గేటు దాటినాక మా అత్త అడిగిందట, 'ఏయ్ అన్నా, నీ పేరేటి?' అని. 'లక్ష్ముడు' అన్నాడట. అదీ, మొగుడి పేరు తెలిసింది అప్పుడే!"

ఈసారి తిరుమలరావూ నవ్వాడు. కానీ వెంటనే సర్దుకున్నాడు.

"కథ బాగున్నాది. మా తాత గంగులూ అక్కణ్ణుంచే వచ్చుంటాడు. మా ఇంట్లోనూ అలాటి మంచం ఉన్నాది, ఆయన తప్ప ఎవరూ పడుకోకూడదనీవోడు. ఒప్పుకుంటాను. అయితే మాత్రం? కరువులో అన్నదమ్ములిద్దర్నీ ఒకేసారి తెచ్చి వదిలితేనో? లక్ష్ముడూ గంగులూ ఒక తల్లి బిడ్డలు కారని ఎలా సెప్తావు? పేర్లు నేవు, ఇంటిపేర్లు నేవు. నీకు తెలుసా?"

అత్త చెప్పినదంతా అసిరమ్మలో ఉంది. ఏ మొక్క ఎక్కడ ఉండేదో, ఏ రోజు ఏ కూరో కూడా ఉంది. గంగులు అన్న పేరు మాత్రం లేదు. ఉండే వీల్లేదు, ఆడవాళ్ళకి చెప్పలేదు కదా. కొంగు నోటికడ్డం పెట్టుకుని వెతుక్కుంది. వరండా మీద కూర్చున్న మగవాళ్ళ వరస. ఎవరు ఎక్కడ కూర్చునేవారని చెప్పింది అత్త? ఆ మంచాలు ఎవరివో దూరంనుంచే ఎలా పోల్చేది?

"ముడి!" అంది గట్టిగా. "మీ తాత మంచానికి కాళ్ళవైపు, తాడు బిగించి ముగించిన ముడి. అది సూడాల. ఇప్పుడే సూడాల!"

"బొబ్బిలి దగ్గరున్నాది మంచం, ఇప్పుడెలాగ?" అన్నాడు తిరుమలరావు. దేవేంద్ర అప్పటికే ఫోన్ తీశాడు. వీడియోలో రేఖ కనిపించింది, వెనకాల ఆవు.

"అన్నయ్యా, పెయ్యదూడ! నుదుటిమీద తెల్లటి బొట్టు సూడు!"

"దూడని తరవాత సూస్తాను, ముత్తాత మంచం చూపించు. కాళ్ళవైపు."

"పెళ్ళిచూపులకెళ్ళి మంచమేంట్రా? సిగ్గునేదూ?"

తిరుమలరావు దగ్గాడు. రేఖ పరుగెత్తింది. ఫోన్లో ముందు నేల, తరవాత పైకప్పు, తరవాత రేఖ బొటనవేలు, ఆఖరికి ముడి. అసిరమ్మ ఫోన్ని ముక్కుకి ఆనించుకుంది, దూరంగా పెట్టింది, మళ్ళీ ఆనించుకుంది.

"మఠంలో అల్లిక అందరిదీ ఒక్కటే. అమ్మ నేర్పినట్టే అల్లాల. కానీ ఆఖరి ముడి ఎవరూ నేర్పనేదు. సెయ్యి దానంతట అదే వేసేస్తాది. మా మావ వరిచేల గుంటడు. మోపు కట్టినట్టు మెలేసి మొన దోపేసీవోడు. ఇదుగో సూడు." గోడకున్న మంచం చూపించింది. నిజమే, ముడే లేదక్కడ, ఒక మెలీ ఒక దోపుడూ. వేలుపెట్టి లాగితే ఊడొస్తుంది. "మా అత్త సెప్పేది, వరండా సివర ఒక అన్న కూకునేవోడట. వాడు ముడేస్తే విప్పే మొనగాడు నేడు. కత్తితో కొయ్యాల్సిందే. అమ్మ విసుక్కునేదట, 'ఈ సముద్రపు గుంటడితో వేగలేను' అని."

"సముద్రమా?" అన్నాడు తిరుమలరావు. "మేం రైతులం పిన్నీ. మీ అత్త మాట మీ అత్తది. ఆ ముడి ఈ ముడే అని నానెలా నమ్మాల?"

అదే సమయానికి వీధిలో "రొయ్యలో, కానాగంతలో!" అని కేక. భావనపాడునుంచి చేపలు తెచ్చే దుర్గ, నెత్తిమీద గంప. అసిరమ్మ ఎడమ గుమ్మంలోంచి బయటికి ఉరికింది.

"ఒసే దుర్గా, గంప దించి ఇలారా. పని ఉన్నాది."

"పెళ్ళిచూపుల ఇంట్లో నీసు పెడతావేటే ముసలీ? పెళ్ళోరు పారిపోతారు."

"ఇప్పటికే పారిపోతన్నారు. నువ్వే ఆపాల."

దుర్గ చేతులు కొంగుకి తుడుచుకుని ఫోన్లోకి ఒక్క చూపు చూసింది.

"ఇదేటి, మా వల ముడి కదా? మంచానికి ఏసినాడే, ఎవడు బావూ ఆ పిచ్చోడు?" అని, పక్కనున్న నులక కొస అందుకుంది. ఒక పాయ వంచింది, చుట్టూ తిప్పింది, కిందనుంచి లాగింది. కళ్ళార్పేలోగా అయిపోయింది. ఫోన్లో ముడి పక్కన పట్టుకుంటే అచ్చం అదే. "మా నాన్న నాకు ఐదేళ్ళప్పుడు నేర్పినాడు. వరిచేలోళ్ళకి రాదిది. కూకోబెట్టి నేర్పినా ఎనక్కి తిప్పేస్తారు. కావాలంటే ఆ బావుని ఎయ్యమను."

తిరుమలరావు తాడు పుచ్చుకున్నాడు. వేశాడు. వెనక్కి తిప్పాడు. ముడి జారి కింద పడింది.

ఆయన ఆ తాడుకేసే చూస్తూ నెమ్మదిగా కూర్చున్నాడు.

"ఏడాదికొక రోజు," అన్నాడు. "ఏడాదికొక రోజు మా తాత సెప్పకుండా ఎక్కడికో ఎలిపోయీవోడు. మూడోనాడు ఒచ్చేవోడు. మా నానమ్మ పంచె ఉతకబోతే మడతల్లోంచి ఇసక రాలేది. తెల్లటి సన్నిసక. ఏటి గట్టుది అనుకునీవోళ్ళం. మా ఏటి ఇసక ఎర్రగా లావుగా ఉంటాదని ఎవరికీ తోచనేదు. సముద్రపోడూ వరిచేలోడూ ఒక తల్లి బిడ్డలెలా అవుతారు!" కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు, వెంటనే నవ్వాడు కూడా. "అరవై మూడేళ్ళొచ్చినాయి నాకు. సముద్రం దగ్గర్నుంచి సూడనేదు. అత్తా, ఎంత దూరం?"

అత్తా! నరసింగరావు లేచి నిలబడ్డాడు. యమున మొహం తిప్పుకుంది, ఏడుపో నవ్వో తెలియకుండా. అసిరమ్మ అయితే గెంతింది. మోకాళ్ళ నొప్పులని ఆర్నెల్లుగా మూలుగుతున్న మనిషి!

"అరగంట బావూ. అయితే తాంబూలాలు పుచ్చుకుని ఎల్దాం."

"కాదత్తా. అక్కడే పుచ్చుకుందాం. మా తాత ముందర పుచ్చుకున్నట్టుంటాది."

ఇంకేముంది. కారులో నలుగురూ, ఆటోలో మిగతావాళ్ళూ, దుర్గ గంప డిక్కీలో. భావనపాడులో దిగేసరికి మధ్యాహ్నపు గాలికి కొంగులు నిలవడం లేదు. తిరుమలరావు చెప్పులు చేత్తో పట్టుకుని, పంచె పైకి దోపి, అలల్లో నిలబడ్డాడు. ఒక అల వచ్చి నడుం దాకా తడిపేస్తే చిన్నపిల్లాడిలా అరిచాడు.

"బావోయ్, లోపలికెల్లకు!" అని కేకేసింది దుర్గ. "ఒక్క ముడి రానోడివి, మునిగితే ఎవరు లాగాల?"

"నన్ను బావంటావేటే? మాది నీ ఊరేనేమో, నువ్వు నాకు సెల్లెలివేమో!"

"అయితే ఆడపడుచు కట్నం పెట్టు మరి!"

వల వేసుకుంటున్న జాలర్లు కూడా నవ్వారు. నరసింగరావు ఇసకలో తువ్వాలు పరిచి పళ్ళెం పెట్టాడు. తమలపాకులు ఎగిరిపోతుంటే అసిరమ్మ రెండు గవ్వలేరి పైన పెట్టింది. మగపెళ్ళివారి తరఫున పళ్ళెం అందుకోడానికి ఆడమనిషి లేదని గుర్తొచ్చింది. రేఖ దూడ దగ్గరుంది కదా.

"దుర్గా, రావే," అన్నాడు తిరుమలరావు, తడిసిన పంచెతో వచ్చి నిలబడి. "మా వైపు నువ్వే పుచ్చుకో."

దుర్గ ఒక్క క్షణం జంకింది. చేతులకి నీసు వాసన అంది. అసిరమ్మ ఆ చేతులు పట్టుకుని పళ్ళెం కిందికి జరిపింది.

"పట్టుకో. గట్టిగా. గాలేస్తన్నాది."